తెలుగు మాట తెరమీదికి ఏ దారిన రావాలి? యాప్ స్ట్రింగ్స్‌ని పిలిచే పద్ధతుల పోలిక

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక మరబోటు యజమాని తన ఫోన్ నా చేతిలో పెట్టి, "ఇదేటి బాబూ, అంతా తెలుగే పెట్టుకున్నాను కదా, ఈ ముక్కొక్కటీ ఇంగిలీసులో వచ్చిందేటి?" అని అడిగారు. రుషికొండలో చిన్న టీమ్‌గా పనిచేస్తూ, బోటు యజమానుల కోసం మేం తయారుచేసిన యాప్ అది. ఐసు ఖర్చు, డీజిల్ లెక్క, వేలంలో చేప పలికిన ధర అన్నీ తెలుగులోనే కనిపిస్తున్నాయి. నోటిఫికేషన్ మాత్రం ఇంగ్లీషులో వచ్చింది. అందులో ఉన్నది సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, వేటకు వెళ్లొద్దు అన్న హెచ్చరిక. ఆయన ఇంగ్లీషు చదవలేరు. పక్క బోటు కుర్రాడు చదివి చెప్పాడు కాబట్టి సరిపోయింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఏం చేసిందో చూసిన ఊరు మాది. ఇలాంటి కబురు అర్థం కాని భాషలో వెళ్లిందంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఆఫీసుకొచ్చి చూస్తే తెలుగు ఫైల్లో ఆ వాక్యం శుభ్రంగా ఉంది. ఒక్క అక్షర దోషం కూడా లేదు. తప్పంతా దాన్ని కోడ్‌లోంచి పిలిచిన తీరులో ఉంది. స్ట్రింగ్‌ని, అంటే యాప్ తెర మీద చూపించే మాటను, కోడ్‌లోంచి పిలవడానికి ఆండ్రాయిడ్‌లో అరడజను దారులున్నాయి. అన్నీ ఒకే మాట తెచ్చి ఇచ్చేట్టే కనిపిస్తాయి, ఇంగ్లీషు ఫోన్‌లో ఇంగ్లీషు యాప్‌ని పరీక్షించినంత కాలం తేడా తెలియదు. తెలుగు పెట్టాకే ఒక్కో దారి గుట్టూ బయటపడుతుంది. ఏ దారి ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ ముంచుతుందో మాకు తెలిసినంత వరకు చెబుతాను.

చేతిలో ఉండేది మాట కాదు, టోకెన్

ఆండ్రాయిడ్‌లో మాటలన్నీ స్ట్రింగ్స్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అనే ఫైల్లో రాస్తాం. డిఫాల్ట్ మాటలు వాల్యూస్ ఫోల్డర్‌లో ఉంటాయి. తెలుగువి అదే పేరుకు చివర టీఈ తగిలించిన ఫోల్డర్‌లో, హిందీవి హెచ్‌ఐ తగిలించిన దాంట్లో. యాప్ బిల్డ్ అయినప్పుడు ప్రతి స్ట్రింగ్ పేరుకూ ఒక పూర్ణాంకం పుడుతుంది. ఆర్ డాట్ స్ట్రింగ్ డాట్ ఫలానా అని మనం రాసేది ఆ అంకెనే.

సింహాచలం కొండ మీద చెప్పులు విడిచేటప్పుడు టోకెన్ ఇస్తారు చూడండి, అచ్చం అలాంటిదే ఈ అంకె. టోకెన్‌ని కౌంటర్‌లో చూపిస్తే జోడు చేతికొస్తుంది. ఇక్కడ కౌంటర్ అంటే కాంటెక్స్ట్, ఏ భాషలో మాట ఇవ్వాలో తెలిసిన ఆండ్రాయిడ్ వస్తువు. ఒకే టోకెన్‌ని తెలుగు కాంటెక్స్ట్‌లో చూపిస్తే తెలుగు మాట, ఇంగ్లీషు కాంటెక్స్ట్‌లో చూపిస్తే ఇంగ్లీషు మాట వస్తాయి. కాబట్టి ఏ కౌంటర్ దగ్గర చూపిస్తున్నాం, ఎప్పుడు చూపిస్తున్నాం అన్న రెండు ప్రశ్నలతోనే ఎంపికంతా తేలిపోతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: టోకెన్‌ని చివరిదాకా టోకెన్‌లాగే మోసుకెళ్లి, తెర మీద చూపించే చోట మాత్రమే మాటగా మార్చండి. కింద చెప్పే పోలికలన్నీ చివరికి అక్కడికే వస్తాయి.

టోకెన్ గురించి ఇంకో జాగ్రత్త. ఆ అంకె ఆ బిల్డ్‌కే చెల్లుతుంది. ఫైల్లో కొత్త స్ట్రింగ్ చేరితే పాతవాటి అంకెలు జరిగిపోవచ్చు. దాన్ని డేటాబేస్‌లోనో షేర్డ్ ప్రిఫరెన్సెస్‌లోనో దాచుకుంటే, యాప్ అప్‌డేట్ అయిన మర్నాడు కోనాం అనే చేప పేరు ఉండాల్సిన చోట "లాగౌట్" అని కనిపించవచ్చు. దాచాల్సి వస్తే మీ సొంత కోడ్ పదం ఏదైనా దాచండి.

తెర మీద ఉన్నప్పుడు: గెట్‌స్ట్రింగా, స్ట్రింగ్‌రిసోర్సా

యాక్టివిటీలోనో (ఒక పూర్తి తెర) ఫ్రాగ్మెంట్‌లోనో (తెరలో ఒక భాగం) ఉన్నారు, పాత పద్ధతిలో ఎక్స్‌ఎంఎల్ లేఅవుట్లు వాడుతున్నారు. అప్పుడు గెట్‌స్ట్రింగ్ చాలు. మారని మాటైతే కోడ్ దాకా తేకుండా లేఅవుట్‌లోనే రాసేయండి, అంతకన్నా మంచిది లేదు. ఫ్రాగ్మెంట్‌లో మాత్రం ఒక ఇబ్బంది ఉంది. సర్వర్ నుంచి జవాబు వచ్చేలోపు వాడేవాళ్లు వెనక్కి వెళ్లిపోతే, ఫ్రాగ్మెంట్ అప్పటికి కాంటెక్స్ట్ నుంచి విడిపోయి ఉంటుంది. ఆ క్షణంలో గెట్‌స్ట్రింగ్ పిలిస్తే యాప్ క్రాష్ అవుతుంది. హార్బర్‌లో సిగ్నల్ సన్నగా ఉన్నప్పుడు మాకు ఎక్కువగా ఎదురైంది ఇదే. ఆఫీసు వైఫైలో ఒక్కసారీ రాలేదు.

గెట్‌స్ట్రింగ్ పక్కనే గెట్‌టెక్స్ట్ కూడా ఉంది. ఫైల్లో మీరు బోల్డ్ పెట్టిన మాట బోల్డ్‌గానే రావాలంటే గెట్‌టెక్స్ట్ వాడాలి. గెట్‌స్ట్రింగ్ ఆ అలంకారాలు తీసేసి ఒట్టి అక్షరాలు ఇస్తుంది.

తెరను కోట్లిన్ కోడ్‌తోనే గీసే కంపోజ్‌లో రాస్తున్నవాళ్లకు స్ట్రింగ్‌రిసోర్స్ ఉంది. రెండింట్లో నాకు ఇదే నచ్చుతుంది, కారణం సుఖం కాదు, భద్రత. భాష మారితే ఆ మాటను చూపించే భాగం తనంతట తాను మళ్లీ గీసుకుంటుంది. కంపోజ్ లోపల కూడా కాంటెక్స్ట్ పట్టుకుని గెట్‌స్ట్రింగ్ పిలవొచ్చు, పనిచేస్తుంది కూడా. కానీ కాన్ఫిగరేషన్ మార్పులను మీ యాప్ సొంతంగా చూసుకుంటుంటే భాష మారిన సంగతి ఆ చోటికి తెలియకపోవచ్చు, పాత మాట అక్కడే ఉండిపోతుంది. స్ట్రింగ్‌రిసోర్స్‌కి ఉన్న హద్దు ఒకటే. కంపోజబుల్ ఫంక్షన్ లోపలే దాన్ని పిలవగలం. బటన్ నొక్కినప్పుడు జరిగే పనిలో పిలిస్తే కంపైలర్ ఒప్పుకోదు. కావాల్సిన మాటను బటన్ బయట, పైనే ఒక వేరియబుల్‌లోకి తీసుకుని లోపల వాడుకోండి.

ఇక్కడే కొత్తవాళ్లు పడే గుంట ఒకటుంది. టెక్స్ట్‌వ్యూకి బోట్ల సంఖ్య చూపించమని సెట్‌టెక్స్ట్‌కి నేరుగా 5 ఇస్తే, అది 5 అనే అక్షరంగా తీసుకోదు. ఐదో నంబరు టోకెన్ అనుకుని స్ట్రింగ్ కోసం వెతుకుతుంది. అలాంటి స్ట్రింగ్ దొరకదు, యాప్ పడిపోతుంది. అంకెను ముందు స్ట్రింగ్‌గా మార్చండి, లేదా ఫార్మాట్ ఉన్న స్ట్రింగ్‌లో పెట్టండి.

వ్యూమోడల్‌లో మాట కావాల్సి వస్తే

టీమ్‌లలో ఎక్కువ వాదనలు నడిచేది ఈ చోటే. "ధర నమోదు కాలేదు, మళ్లీ ప్రయత్నించండి" అన్న సందేశం చూపించాలో వద్దో నిర్ణయించేది వ్యూమోడల్, అంటే తెర వెనక ఉండి తెరకు కావాల్సిన సమాచారం చూసుకునే భాగం. మరి మాటను అక్కడే తెచ్చుకోవచ్చా? మూడు దారులు కనిపిస్తాయి.

ఒకటి, యాక్టివిటీ కాంటెక్స్ట్‌ని వ్యూమోడల్‌కి ఇచ్చేయడం. ఇది వద్దు. ఫోన్ అడ్డంగా తిప్పితే యాక్టివిటీ చచ్చి మళ్లీ పుడుతుంది, వ్యూమోడల్ మాత్రం బతికే ఉంటుంది. చనిపోయిన యాక్టివిటీని అది పట్టుకుని వదలదు కాబట్టి మెమరీ కారుతుంది.

రెండోది ఆండ్రాయిడ్‌వ్యూమోడల్ వాడి అప్లికేషన్ కాంటెక్స్ట్‌తో గెట్‌స్ట్రింగ్ పిలవడం. చాలా ప్రాజెక్టుల్లో ఇదే చూశాను. మెమరీ కారదు, యాప్ క్రాష్ కాదు, రివ్యూలో ఎవరూ పట్టుకోరు. కానీ మాట పుట్టిన క్షణంలో ఏ భాష ఉందో ఆ భాషలోనే గడ్డకట్టుకుపోతుంది. వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో భాష తెలుగుకు మార్చి వెనక్కొస్తే తెరంతా తెలుగైపోతుంది, వ్యూమోడల్ దాచుకున్న ఆ ఒక్క వాక్యం మాత్రం ఇంగ్లీషులోనే నిలబడి ఉంటుంది. దీని వల్ల యూనిట్ టెస్టులు రాయడమూ బరువే, ప్రతి టెస్టుకూ ఒక నకిలీ అప్లికేషన్ కట్టిపెట్టాలి.

మూడోది, నేను గట్టిగా చెప్పేది: వ్యూమోడల్ మాటను పంపకూడదు, టోకెన్‌నీ అందులో పూరించాల్సిన విలువలనూ పంపాలి. మేం యూఐటెక్స్ట్ అని ఒక చిన్న సీల్డ్ క్లాస్ రాసుకున్నాం. అందులో రెండే రకాలు. ఒకటి టోకెన్, దాని విలువలు. రెండోది సర్వర్ నుంచి నేరుగా వచ్చిన వాక్యం. తెర దగ్గరికి వచ్చాక కంపోజ్ దాన్ని స్ట్రింగ్‌రిసోర్స్‌తో విప్పుతుంది. ఇరవై లైన్ల పని. టెస్టులో "ఫలానా టోకెన్ వచ్చిందా" అని చూస్తే చాలు, ఆండ్రాయిడ్ ఊసే ఉండదు. ఆ టోకెన్ పరామితికి స్ట్రింగ్‌రెస్ అనే గుర్తు తగిలించడం మరవొద్దు. దాన్ని పెడితే ఎవరైనా పొరపాటున వేరే అంకె పంపినప్పుడు, కోడ్‌లో తప్పులు వెతికే లింట్ అనే టూల్ అక్కడికక్కడే హెచ్చరిస్తుంది.

యాప్‌లో ఒకే భాష ఉంటుంది, ఎప్పటికీ మారదు, తెరలు నాలుగే అనుకుంటే రెండో దారిలో వెళ్లినా కొంప మునగదు. అలా అనుకుని మొదలుపెట్టిన యాప్‌కి హిందీ అడిగేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు వస్తారు, అప్పుడు అన్ని చోట్లా మార్చాలి.

నోటిఫికేషన్, అంటే మేం తప్పు చేసిన చోటు

తెర లేని చోట ఈ సూత్రం ఎలా? యాప్ మూసి ఉన్నా పనులు నడిపే వర్క్‌మేనేజర్ నేపథ్యంలో లేచి నోటిఫికేషన్ వేయాలి. అక్కడ యాక్టివిటీ లేదు, కంపోజ్ లేదు. చేతిలో ఉండేది అప్లికేషన్ కాంటెక్స్ట్ ఒక్కటే. మేం దాంతోనే గెట్‌స్ట్రింగ్ పిలిచాం.

యాప్‌కి విడిగా భాష పెట్టుకునే సౌకర్యం ఆండ్రాయిడ్ 13లో సిస్టమ్‌లోకే వచ్చింది. ఆ ఫోన్లలో ఫోన్ భాష ఇంగ్లీషైనా, యాప్‌కి తెలుగు ఎంచుకుంటే అప్లికేషన్ కాంటెక్స్ట్ కూడా తెలుగే మాట్లాడుతుంది. ఆండ్రాయిడ్ 12, అంతకు ముందు ఫోన్లలో ఆ పనిని యాప్‌కంపాట్ లైబ్రరీ తన చేతుల మీదుగా చేస్తుంది, 1.6 వెర్షన్ నుంచి. అది యాక్టివిటీల భాష మార్చగలదు గానీ అప్లికేషన్ కాంటెక్స్ట్ జోలికి పోదు. ఆ యజమాని ఫోన్ పాతది. తెరలన్నీ యాక్టివిటీ కాంటెక్స్ట్ నుంచి తెలుగు తీసుకున్నాయి, నోటిఫికేషన్ అప్లికేషన్ కాంటెక్స్ట్ నుంచి ఫోన్ భాష అయిన ఇంగ్లీషు తీసుకుంది. మా టేబుళ్ల మీద ఉన్నవన్నీ కొత్త ఫోన్లు. అందుకే మాకు ఒక్కసారీ కనిపించలేదు.

దీనికి మందు ఆండ్రాయిడ్ఎక్స్ కోర్ లైబ్రరీలోనే ఉంది. కాంటెక్స్ట్‌కంపాట్‌లోని గెట్‌స్ట్రింగ్ వాడితే, యాప్‌కి ఎంచుకున్న భాషను చూసుకుని మరీ మాట తెస్తుంది. ఎక్కువ మాటలు కావాలంటే అందులోనే గెట్‌కాంటెక్స్ట్‌ఫర్‌లాంగ్వేజ్ ఉంది, ఒకసారి ఆ కాంటెక్స్ట్ తీసుకుని అన్నింటికీ అదే వాడండి. అయితే పాత ఫోన్లలో భాషను గుర్తుపెట్టుకునే బాధ్యత మానిఫెస్ట్‌లో ఆటోస్టోర్‌లొకేల్స్ ద్వారా యాప్‌కంపాట్‌కి అప్పగించి ఉండాలి. లేకపోతే నేపథ్యంలో లేచిన పనికి ఎంచుకున్న భాష ఏదో తెలిసే వీలు లేదు.

దీంతో పాటు ఇంకో రెండు చిన్న సంగతులు. కంపోజ్ ప్రాజెక్టు కొత్తగా తెరిస్తే యాక్టివిటీ కాంపొనెంట్‌యాక్టివిటీ రకంగా వస్తుంది. పాత ఫోన్లలో భాష మార్పు పనిచేయాలంటే దాన్ని యాప్‌కంపాట్‌యాక్టివిటీగా మార్చాలి. నోటిఫికేషన్ ఛానెల్ పేరు కూడా తయారైన నాటి భాషలోనే ఉండిపోతుంది. భాష మారినప్పుడు అదే ఐడీతో ఛానెల్‌ని మళ్లీ సృష్టిస్తే పేరు కొత్తదవుతుంది.

పేరుతో వెతకడం: గెట్‌ఐడెంటిఫయర్

సర్వర్ నుంచి చేప పేరు కోడ్‌గా వస్తుంది. కోనాం, చందువా, రొయ్య. ఆ కోడ్‌తోనే స్ట్రింగ్ పేరు కట్టి గెట్‌ఐడెంటిఫయర్‌తో టోకెన్ రాబట్టుకోవచ్చు. కొత్త చేప వచ్చినా కోడ్ ముట్టుకోనక్కర్లేదు కదా అనిపిస్తుంది. కానీ టోకెన్ నేరుగా వాడేదానికన్నా ఇది నెమ్మది. పేరులో ఒక్క అక్షరం తప్పినా బిల్డ్ ఆగదు, నడిచేటప్పుడు సున్నా చేతికొస్తుంది, ఆ సున్నాతో గెట్‌స్ట్రింగ్ పిలిస్తే క్రాష్. ఆ స్ట్రింగ్ వాడుతున్నారని టూల్స్‌కి తెలియదు కాబట్టి, వాడనివి ఏరే పనిలో తోటి డెవలపర్ దాన్ని తీసేసే ప్రమాదమూ ఉంది.

మేం ఇప్పుడు కోట్లిన్‌లోని వెన్ వాడి, ఒక్కో కోడ్‌కి ఒక్కో టోకెన్ జత చేసి రాస్తున్నాం. ముప్పై చేపలకు ముప్పై లైన్లు. తెలియని కోడ్ వస్తే "ఇతర చేపలు" అని చూపిస్తాం. పని ఎక్కువే, కానీ తప్పు జరిగితే అది నా టేబుల్ మీద జరుగుతుంది, వేలం పాట మధ్యలో కాదు. స్ట్రింగ్స్ వందల్లో ఉండి, అవన్నీ ఏదైనా టూల్ తయారుచేసినవైతే తప్ప గెట్‌ఐడెంటిఫయర్ జోలికి పోకండి.

రిసోర్సెస్ డాట్ గెట్‌సిస్టమ్ వాడితే కాంటెక్స్ట్ అక్కర్లేదని ఎవరైనా చెబితే నమ్మొద్దు. అది ఆండ్రాయిడ్ సొంత మాటలే ఇస్తుంది, మీ యాప్‌వి ఇవ్వదు.

తెలుగు వాక్యం ముక్కల్ని అతికిస్తే అతకదు

పిలిచే దారి సరిచేసుకున్నాక కూడా తెలుగు వంకరగా వస్తుంటే కారణం ఇది. ఇంగ్లీషులో ఊరి పేరు ముందు ఒక మాట పెడితే వాక్యం అయిపోతుంది. తెలుగులో విభక్తి పేరుకే అతుక్కుంటుంది, పేరు చివరి అచ్చును బట్టి మారుతుంది. గాజువాక అయితే గాజువాకకు. భీమిలి అయితే భీమిలికి. విశాఖపట్నం అయితే విశాఖపట్నానికి, పేరు రూపమే మారిపోయింది. ఊరి పేరు పక్కన "కు" అతికించే స్ట్రింగ్ రాస్తే "విశాఖపట్నంకు" అని వస్తుంది. చదివేవాళ్లకు అది రాయి తగిలినట్టుంటుంది.

దీన్ని కోడ్‌తో సరిచేయాలని చూడకండి, వాక్యం మార్చండి. "బోటు భీమిలి వైపు వెళ్తోంది" అంటే ఏ ఊరి పేరైనా మారకుండా కూర్చుంటుంది. మనుషుల పేర్లకైతే మన భాషే ఒక చక్కటి ఉపాయం ఇచ్చింది: గారు. అప్పారావు గారికి, లక్ష్మి గారికి, శ్రీను గారికి. విభక్తి గారుకి అతుక్కుంటుంది, పేరు అలాగే ఉంటుంది. క్రియ కూడా "వచ్చారు" అయిపోతుంది కాబట్టి వచ్చాడా వచ్చిందా అన్న తికమక కూడా పోతుంది, పైగా మర్యాద. మా యాప్‌లో ఏ పేరూ గారు లేకుండా వాక్యంలోకి రాదు.

విలువలు పూరించే గుర్తులకు తప్పకుండా వరుస నంబర్లు ఇవ్వండి. శాతం గుర్తు తర్వాత 1, డాలర్ గుర్తు, ఆ తర్వాత ఎస్ లేదా డి. ఇంగ్లీషులో ఊరు ముందు, నిమిషాలు తర్వాత వస్తే, తెలుగులో నిమిషాలు ముందొస్తాయి. నంబర్లు ఉంటే అనువాదం చేసేవాళ్లు వాటిని స్వేచ్ఛగా అటూ ఇటూ జరుపుకోగలరు, కోడ్ మారదు.

బహువచనం గురించి కాస్త ఆగి చెప్పాలి. "బోటు" పక్కన "లు" అతికిస్తే బోటులు అవుతుంది, మనం అనేది బోట్లు. నిమిషం నిమిషాలవుతుంది. క్రియ కూడా మారుతుంది: 1 బోటు తిరిగి వచ్చింది, 3 బోట్లు తిరిగి వచ్చాయి. అందుకే ప్లూరల్స్ రిసోర్స్ వాడాలి, పూర్తి వాక్యం రెండు రూపాల్లో రాయాలి. దాన్ని గెట్‌క్వాంటిటీస్ట్రింగ్‌తో పిలుస్తాం, కంపోజ్‌లో ప్లూరల్‌స్ట్రింగ్‌రిసోర్స్‌తో. సంఖ్యను రెండుసార్లు ఇవ్వాలి. మొదటిది ఏ రూపం కావాలో ఎంచుకోవడానికి, రెండోది వాక్యంలో అచ్చు వేయడానికి. రెండోది మరిచిపోతే తెర మీద శాతం గుర్తే కనిపిస్తుంది.

తెలుగుకు ఉన్నవి రెండే రూపాలు: ఒకటికి ఒకటి, మిగతా అన్నింటికీ ఇంకొకటి. సున్నాకి విడిగా జీరో అని రాసినా ఆండ్రాయిడ్ దాన్ని తెలుగులో చూడదు, బోట్లు 0 అయితే "0 బోట్లు తిరిగి వచ్చాయి" అనే చెబుతుంది. "ఇంకా బోట్లేవీ రాలేదు" అనిపించాలంటే సున్నాని మీరే కోడ్‌లో చూసి వేరే స్ట్రింగ్ పిలవాలి. హిందీ ఫైల్ రాసేటప్పుడు ఇంకో మెలిక ఉంది. హిందీలో సున్నా కూడా ఒకటి రూపంలోకే వస్తుంది. ఆ రూపంలో 1 అని చేత్తో రాసేస్తే, బోట్లేవీ రాని రోజు కూడా ఒకటి వచ్చిందని చూపిస్తుంది. బోటు రాక కోసం ఇంట్లో ఎదురుచూసేవాళ్లకు ఆ అంకె ఎంత ముఖ్యమో చెప్పనక్కర్లేదు. ఒకటి రూపంలోనూ అంకె స్థానంలో గుర్తే పెట్టండి.

వాక్యం సరిగా వచ్చాక తెర మీద కూడా చూడండి. తెలుగు వత్తులు కిందికి దిగుతాయి, ఇంగ్లీషు కోసం బిగించిన ఎత్తులో అవి తెగిపోతాయి. ఆండ్రాయిడ్ 15ని లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లకు టెక్స్ట్‌వ్యూలో ఎలిగెంట్‌టెక్స్ట్‌హైట్ దానంతట అదే ఆన్ అవుతుంది, తెలుగుకు అది మేలు. కంటైనర్ ఎత్తు మీరు బిగించి ఉంటే మాత్రం అప్పటికీ తెగుతాయి.

మాటలు యాప్‌లోనా, సర్వర్‌లోనా

సర్వర్ నుంచే తెలుగు వాక్యాలు పంపిస్తే యాప్ అప్‌డేట్ లేకుండానే దిద్దుకోవచ్చు. కానీ తీరం దాటి కొంత దూరం పోతే సిగ్నల్ ఉండదు. బటన్లు, హెడ్డింగులు, లెక్కల తెరలు అన్నీ యాప్‌లోనే ఉండి తీరాలి. రోజూ మారే ధరలు, ప్రకటనలు సర్వర్ నుంచి రావచ్చు.

తుపాను హెచ్చరికలు రెండింటి మధ్యా పడతాయి. మన ఓడరేవుల్లో ఎగరేసే ప్రమాద సూచికలు 1 నుంచి 11 వరకు నిర్ణయమైపోయి ఉన్నాయి, కాబట్టి సర్వర్ నంబరు ఒక్కటి పంపితే చాలు, వాక్యం యాప్‌లోనే ఉంటుంది, వాడేవాళ్ల భాషలో వస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధాన్ని గుర్తు చేయడమూ అంతే. అయితే పాత వెర్షన్ యాప్‌కి తెలియని కొత్త రకం కబురు వస్తే? అందుకని కోడ్‌తో పాటు పూర్తి తెలుగు వాక్యాన్నీ పంపుతున్నాం. కోడ్ తెలిస్తే సొంత స్ట్రింగ్, తెలియకపోతే సర్వర్ వాక్యం. యూఐటెక్స్ట్‌లో రెండో రకం ఉన్నది ఇందుకే.

ఆండ్రాయిడ్ కాకుండా వేరేదైతే

ఫ్లట్టర్‌లో ఏఆర్‌బీ ఫైళ్ల నుంచి యాప్‌లోకలైజేషన్స్ క్లాస్ తయారవుతుంది, దాన్ని కాంటెక్స్ట్ ద్వారా పిలుస్తాం. పేరు తప్పితే కంపైలర్ పట్టుకుంటుంది. కీ పేరును అక్షరాలుగా రాసి పిలిచే ప్యాకేజీలు రాయడానికి తేలికే గానీ ఆ రక్షణ ఇవ్వవు, నేను మొదటిదే ఎంచుకుంటాను. ఫ్లట్టర్ ప్లూరల్‌లో సరిగ్గా సున్నాకి అని విడిగా రాసే వీలుంది, అది తెలుగులో కూడా పనిచేస్తుంది. ఆండ్రాయిడ్‌లో పడ్డ తిప్పలు ఇక్కడ ఉండవు.

ఐఫోన్‌కి రాస్తుంటే, ఎక్స్‌కోడ్ 15తో వచ్చిన స్ట్రింగ్ క్యాటలాగ్‌నే తీసుకోండి. భాషలు, బహువచనాలు అన్నీ ఒకే ఫైల్లో ఉంటాయి. స్విఫ్ట్‌యూఐలో టెక్స్ట్‌కి నేరుగా కొటేషన్లలో రాసిన మాట దానంతట అదే అనువాదం అవుతుంది. అదే మాట స్ట్రింగ్ వేరియబుల్‌లో పెట్టి ఇస్తే అనువాదం కాదు, ఉన్నదున్నట్టు పడుతుంది. అలాంటప్పుడు ఆ వేరియబుల్‌ని లోకలైజ్డ్‌స్ట్రింగ్‌రిసోర్స్ రకంగా ఉంచుకోండి. టోకెన్ చివరిదాకా మోసుకెళ్లడమంటే ఇక్కడ అదే.

కోట్లిన్ మల్టీప్లాట్‌ఫామ్‌లో కంపోజ్ వాడేవాళ్లకు అదే ఎక్స్‌ఎంఎల్, అదే స్ట్రింగ్‌రిసోర్స్, ఆర్ బదులు రెస్. కంపోజబుల్ బయట పిలిచే గెట్‌స్ట్రింగ్ మాత్రం సస్పెండ్ ఫంక్షన్, కొరౌటిన్‌లోంచే పిలవాలి.

ప్లే స్టోర్‌కి పంపే ముందు

డీబగ్ బిల్డ్‌లో తెలుగు వచ్చింది, స్టోర్ నుంచి దించుకున్నాక రాలేదు అని వాపోయేవాళ్లను మా చుట్టుపక్కల ఆఫీసుల్లోనే చాలామందిని చూశాను. 2021 ఆగస్టు నుంచి కొత్త యాప్‌లను స్టోర్‌కి బండిల్‌గానే, అంటే అన్ని భాషలూ కలిపి కట్టిన ఒకే మూటగానే పంపాలి. స్టోర్ ఆ బండిల్‌ని భాషలవారీగా ముక్కలు చేసి, ఫోన్ సెట్టింగ్స్‌లో ఉన్న భాషల ముక్కలే పంపుతుంది. మన దగ్గర ఎక్కువ ఫోన్లు ఇంగ్లీషులోనే ఉంటాయి. యాప్ లోపల తెలుగు ఎంచుకుంటే ఆ ముక్క ఫోన్‌లోనే లేదు, డిఫాల్ట్ మాటలే కనిపిస్తాయి. గ్రేడిల్‌లో బండిల్ కింద భాష ముక్కలు చేయొద్దని ఎనేబుల్‌స్ప్లిట్‌కి ఫాల్స్ ఇవ్వండి. యాప్ సైజు పెరుగుతుందని భయపడొద్దు, బొమ్మల బరువు ముందు మాటల బరువెంత?

తెలుగు ఫైల్లో ఉండి డిఫాల్ట్ ఫైల్లో లేని స్ట్రింగ్ ఒక్కటీ మిగలకుండా లింట్‌తో చూసుకోండి. తెలుగు ఫోన్‌లో బాగానే నడుస్తుంది, వేరే భాష ఫోన్‌లో ఆ తెర తెరవగానే క్రాష్ అవుతుంది.

మేం ఇప్పుడు ప్రతి విడుదలకు ముందు ఒక పాత ఆండ్రాయిడ్ 11 ఫోన్ తీస్తాం. ఫోన్ భాష ఇంగ్లీషు, యాప్ భాష తెలుగు. స్టోర్ టెస్టింగ్ ట్రాక్ నుంచే దించుకుంటాం. యాప్‌ని ఇటీవలి జాబితా నుంచి తోసేసి, తెర ఆర్పి, సర్వర్ నుంచి మూడో నంబరు హెచ్చరిక పంపుతాం. ఫోన్ మోగి, తాళం వేసిన తెర మీద "వేటకు వెళ్లవద్దు" అని తెలుగులో వచ్చేదాకా బండిల్ బయటికి వెళ్లదు.